రాత్రి మనిషి

అమ్మమ్మకి తుంటి ఆపరేషనయ్యాక రాత్రుళ్ళే గండం. పగలు నేనున్నాను. రాత్రి రెండింటికి బాత్రూమ్‌కి లేస్తే ఎవరు పట్టుకుంటారు?

బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంటికి, రాత్రి తోడుకని ఏజెన్సీ పంపిన మొదటి అమ్మాయి మంచిదే, కానీ తెలుగు రాదు. "కాళ్ళు తిమ్మిరెక్కాయమ్మా" అని మూడుసార్లు చెప్పి అమ్మమ్మ ఊరుకుంది. నాకు ప్రాణం చివుక్కుమంది.

రెండోసారి నేనే అడిగాను: రాత్రంతా మేలుకుంటారా, పక్కన పడుకుని పిలిస్తే లేస్తారా? రెండూ వేరు, డబ్బులూ వేరు. అమ్మమ్మ ఎవర్నీ పిలవదు, తనే లేస్తుంది. మేలుకునే మనిషే కావాలన్నాను.

కర్ణాటకలోనే ఉన్న చింతామణి ఊరి నుంచి వచ్చినావిడది తెలుగే. తొలిరాత్రి అమ్మమ్మని మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోబెట్టి, "కండ్లు తిరగతా ఉండాయా అవ్వా?" అనడిగి, అప్పుడు లేపింది. చటుక్కున లేస్తే బీపీ పడిపోతుందని డాక్టరు చెప్పిందీ అదే. తలుపు సందులోంచి చూసి, వెళ్ళి పడుకున్నాను.