చెయ్యి వదులు, హుకుం

గుర్రపు స్వారీ ప్రయాణానికని ఫోన్ చేసి పేరు చెప్పగానే బరువు ఎంతని అడిగారు. నేను 84 కిలోలు. "79" అన్నాను. పక్క గదిలోంచి మా ఆవిడ నవ్వు వినిపించింది.

అరవై దాటాక, మోకాళ్లు మూలుగుతుండగా, రాజస్థాన్‌లో మార్వాడ్ దాకా పోయి గుర్రమెక్కుతానంటే ఇంట్లో ఎవరూ హర్షించలేదు. కానీ ఇది చాలాకాలంగా మనసులో ఉన్న ప్రయాణం. తెనాలిలో మా తాతయ్య జట్కా తోలేవాడు. నేను మొదట కూర్చున్నది ఆ జట్కా గుర్రం వీపు మీదే. జీనూ లేదు, కాళ్లు పెట్టుకునే రికాబులూ లేవు, జూలు పట్టుకుని కూర్చోవడమే. తర్వాత ఉద్యోగం పేరుతో హైదరాబాద్ చేరాను. అక్కడ ఒక రైడింగ్ స్కూల్లో ఇంగ్లీషు పద్ధతి నేర్చుకున్నాను. మడమలు కిందికి, వీపు నిటారుగా, చేతులు కదలకుండా. ఆపై నేజాబాజీ పిచ్చి పట్టింది. పరుగెత్తే గుర్రం మీంచి వంగి, నేలలో పాతిన కొయ్యను బల్లెంతో లేపడం. పదేళ్లు ఆడాను. కప్పులొచ్చాయి. ఒక కాలర్‌బోన్ పోయింది.

ఇన్నేళ్లలో మార్వాడీ గుర్రాన్ని చూశానే గానీ ఎక్కలేదు. అందుకే మొన్న జనవరిలో జోధ్‌పూర్ విమానమెక్కాను. ఆ ఎడారి వైపు స్వారీ అంతా అక్టోబరు నుంచి మార్చి లోపే. ఆ తర్వాత ఎండకి మనిషీ తట్టుకోలేడు, గుర్రమూ తట్టుకోలేదు.

ఊరికి దక్షిణంగా గంట ప్రయాణం. లూణీ నది ఇసుక దగ్గర ఒక పాత కోటలాంటి ఇల్లు, వెనక లాయం. నన్ను చూడగానే పన్నెండు గుర్రాలు ఒకేసారి చెవులు నిక్కించాయి. ఆ చెవుల సంగతి ఫొటోల్లో చూసి అనుకున్నదంతా తక్కువే. రెండూ లోపలికి వంపు తిరిగి, కొసలు దాదాపు ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయి. ఎదురుగా నిలబడితే గుర్రం తల మీద ఎవరో రెండు బ్రాకెట్లు ఎదురెదురుగా గీసినట్టుంటుంది. పక్క నుంచి పిలిస్తే ఒక చెవి అటే తిరుగుతుంది, రెండోది తన పని తాను చూసుకుంటుంది.

నాకిచ్చినది ముదురు గోధుమరంగు ఆడగుర్రం. ఆ రంగును అక్కడ కుమైత్ అంటారు. పేరు బిజిలీ. గుర్రాల్ని చూసుకునే సైసు నన్ను ఎగాదిగా చూసి, నా చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, లోపలికెళ్లి ఇంకో జీను తెచ్చాడు. ముందు పెట్టినదానికన్నా తేలికైనది. 79 అన్న మాట ఎవరూ నమ్మలేదని అర్థమైంది. గుర్రం బరువులో ఐదో వంతుకి మించి వీపు మీద పెట్టకూడదన్నది స్వారీ చేసేవాళ్లలో చాలామంది పాటించే లెక్క. బిజిలీ 400 కిలోలుంటుందనుకుంటే 80 కిలోలు, అదీ జీనుతో కలిపి. జీను లేకుండానే నేను ఆ గీత దాటేశాను. సిగ్గనిపించి నిజం చెప్పేశాను. సైసు "మాలూమ్ హై, హుకుం" అన్నాడు. తెలుసు, దొరా అని. రోజూ చివరి రెండు కిలోమీటర్లు దిగి నడవాలని షరతు పెట్టాడు. ఇసుక లోతుగా ఉన్నచోట కూడా దిగాలి.

మొదటి రోజు నా పరువు పోయింది. నలభై ఏళ్ల అలవాటు కొద్దీ పగ్గాలు బిగువుగా పట్టి, గుర్రం నోటికీ నా వేళ్లకీ మధ్య ఎప్పుడూ ఒక చిన్న లాగుడు ఉండేలా కూర్చున్నాను. ఇంగ్లీషు పద్ధతిలో దాన్ని కాంటాక్ట్ అంటారు. బిజిలీ తల పైకెత్తింది. ఇంకొంచెం బిగించాను. ఇంకా ఎత్తింది, చెవులు వెనక్కి వాల్చింది. పక్కనే వస్తున్న సైసు మూడుసార్లు ఊరుకున్నాడు. నాలుగోసారి నోరు తెరిచాడు. "హాత్ ఢీలా, హుకుం." చెయ్యి వదులు.

వదిలాను. తల దించింది. అంతే.

అక్కడివాళ్లు కూర్చునే తీరు వేరు. రికాబులు పొడవుగా, కాళ్లు కాస్త ముందుకి, నడుము వదులుగా, పగ్గాలు ఒకే చేతిలో. రెండో చెయ్యి ఒకప్పుడు కత్తికో బల్లేనికో ఖాళీగా ఉండాలి కదా. గుర్రాన్ని తిప్పాలంటే నోరు లాగరు, పగ్గాన్ని మెడకి ఆనిస్తారు. అమెరికాలో పశువుల కాపరులు చేసేదీ దాదాపు ఇదే. అడ్డంకులు దూకేటప్పుడు ముందుకు వంగి కూర్చునే తీరు, మనం సిసలైన పద్ధతి అనుకునేది, నిజానికి వందేళ్ల క్రితం నాటిదే. ఇటలీ సైన్యంలో ఫెదెరికో కాప్రిల్లీ అనే అధికారి గుర్రాల్ని ఖాళీగా వదిలి, అవి ఎలా దూకుతున్నాయో చూసి దాన్ని తయారుచేశాడు. అంతకుముందు అడ్డంకి దూకేటప్పుడు రౌతులు వెనక్కి వాలి, పగ్గాలు పట్టుకుని వేలాడేవాళ్లు. గుర్రం వెన్నుకీ నోటికీ ఒకేసారి దెబ్బ. కాప్రిల్లీ 1907లో గుర్రం మీంచి పడే పోయాడు.

రెండో రోజు మధ్యాహ్నం బిజిలీ నాకు రేవాల్ అనే నడక చూపించింది. గుర్రం మామూలుగా ట్రాట్ చేస్తే ఎదురెదురు మూలల కాళ్లు జంటగా పడతాయి, రౌతు ఎగిరెగిరి పడతాడు. రేవాల్‌లో ఒక పక్క కాళ్లు ఒకదాని వెంట ఒకటి జారినట్టు పోతాయి. నడక కన్నా వేగం, కుదుపు మాత్రం ఉండదు. ఇది నేర్పితే వచ్చేది కాదట, చాలా మార్వాడీ గుర్రాలకి పుట్టుకతోనే ఉంటుంది. సైసు తన మంచినీళ్ల సీసా మూత తీసి, సగం దాకా నీళ్లున్న సీసాను జీను ముందు పెట్టుకుని నా పక్కన వచ్చాడు. చుక్క తొణకలేదు. ఎడారిలో రోజుకి ముప్పై, నలభై కిలోమీటర్లు పోవాల్సినవాడికి ఇంతకన్నా ఏం కావాలి? నా మోకాళ్లు ఆ రోజు మూలగలేదు.

దారంతా జమ్మిచెట్లు. అక్కడ ఖేజడీ అంటారు. మనం దసరాకి ఆకు తెంపుకుంటాం, వాళ్లు ఆ చెట్టు కాయలతో కూర వండుకుంటారు. మధ్యమధ్యలో మన సర్కారు తుమ్మ కూడా కనిపించేసరికి ఒంగోలు దారిలో ఉన్నట్టనిపించింది. చెట్లనీ జంతువుల్నీ కాపాడే బిష్ణోయీల పొలాల్లో కృష్ణజింకలు మేస్తూ గుర్రాల్ని చూసి తల కూడా ఎత్తలేదు. 1730లో ఖేజడ్లీ ఊళ్లో ఈ చెట్లను కొట్టనివ్వకుండా 363 మంది బిష్ణోయీలు ప్రాణాలిచ్చారని చెప్పుకుంటారు.

రాత్రి చలిమంట దగ్గర కబుర్లలో ఇప్పటి ఇజ్రాయెల్‌లో ఉన్న హైఫా మాట వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918 సెప్టెంబరు 23న, జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు, అంటే బల్లేల గుర్రపు దళాలు, మెషీన్‌గన్లకి ఎదురుగా గుర్రాలు దౌడు తీయించి ఆ ఊరు పట్టుకున్నారు. మా హైదరాబాద్ లాన్సర్లూ అదే బ్రిగేడ్‌లో ఉన్నారని చెబితే అక్కడి కుర్రాళ్లు ఆశ్చర్యపోయారు. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గరున్న మూడు విగ్రహాల్లో ఒకటి మనవాళ్లది. మన దగ్గర మాత్రం ఎంతమందికి తెలుసు? మలక్‌పేట రేసుల మీద ఉన్న శ్రద్ధలో పదో వంతు దీని మీద లేదు.

ఆ గుర్రాల వంశం స్వాతంత్ర్యం తర్వాత దాదాపు అంతరించేదాకా వెళ్లింది. సంస్థానాలు పోయాయి, జాగీర్లు పోయాయి, గుర్రం పాత దొరతనానికి గుర్తుగా మిగిలింది. మేపలేక అమ్మినవి, కబేళాకి పోయినవి, బరువుల బళ్లకి కట్టినవి లెక్కలేనన్ని. 1930ల్లో మహారాజా ఉమేద్ సింగ్ జాతిని నిలబెట్టడానికి చేసిందంతా వృథా అయ్యేదే. కొన్ని కుటుంబాలు పట్టుబట్టి నిలబెట్టుకున్నాయి. ఇప్పుడు గిరాకీ ఎంతలా ఉందంటే, తెల్లటి గుర్రమైతే పెళ్లిళ్ల సీజన్లో దాని మీద ఇల్లంతా గడిచిపోతుందట. ఆ గులాబీ చర్మానికి ఎండంటే పడదన్నది ఎవరికీ పట్టదు.

సుడుల పిచ్చి అక్కడా మనలాగే ఉంది. గొంతు మీద సుడి ఉంటే మంచిది, ఫలానా చోట ఉంటే ఇంటికి అరిష్టం. నాలుగు కాళ్లూ తెల్లగా ఉండి ముఖం మీద తెల్లచార ఉంటే పంచకల్యాణి. వాళ్లూ అదే పేరు పెట్టారు. మా తాతయ్య జట్కా గుర్రానికి ఉండకూడని చోట్లన్నీ సుడులేనట. అందుకే చవగ్గా వచ్చిందనేవాడు. పద్దెనిమిదేళ్లు బతికి ఇల్లంతా పోషించింది.

మూడో రోజు సాయంత్రం ఒక ఊరి పొలిమేరలో పెళ్లి ఊరేగింపు ఎదురైంది. డీజే బండి, జనరేటరు, ముందు నాచ్నీ గుర్రం. కాళ్లకి గజ్జెలు, నుదుటి మీద అద్దాల పట్టీ. డప్పు దరువుకి ముందు కాళ్లు ఎత్తెత్తి వేస్తోంది, జనం నోట్లు విసురుతున్నారు. చూడ్డానికి అందంగానే ఉంది. దగ్గరికొచ్చేదాకా నేనూ నవ్వుతూనే ఉన్నాను. దాని ఛాతీ మీద నురగ పడి ఉంది. నురగలో ఎరుపు.

కళ్లెం ముల్లు కళ్లెం. నాలుక మీద ఆనే ఇనుప కడ్డీకి శనగగింజంత మొనలు. పాత కోటల్లో ఇలాంటివి గోడకి తగిలించి చూపిస్తారు, చరిత్ర అంటారు. ఇది చరిత్రేం కాదు, ఆ క్షణంలో ఆ నోట్లో ఉంది. బరువులు లాగే, మోసే జంతువులకి ముళ్ల కళ్లేలు వాడకూడదని కేంద్రం 1965లోనే నియమం తెచ్చింది. నేను దిగి, గుర్రం పట్టుకున్నవాడితో నాకొచ్చిన హిందీలో మాట్లాడబోయాను. "ఇది లేకపోతే మాట వినదు సాబ్, పిల్లల మీద పడుతుంది" అన్నాడు. అబద్ధం చెబుతున్నట్టు లేదు. అతనికి నేర్పినవాడు అలాగే నేర్పి ఉంటాడు. పెళ్లివారిలో ఒకాయన వచ్చి, మర్యాదగానే, శుభకార్యంలో గొడవెందుకన్నాడు. డీజే మళ్లీ మొదలైంది. ఊరేగింపు సాగిపోయింది. నేను రోడ్డు పక్కన నిలబడిపోయాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ మనిషి మీద కోపంతో మాత్రం కాదు.

నేజాబాజీ రోజుల్లో నా దగ్గర విత్తులు కొట్టిన ఒక మగగుర్రం ఉండేది. పరుగులో నోరు తెరిచి, తల పక్కకి తిప్పి, నన్ను కొయ్య మీదికి సరిగ్గా పోనిచ్చేది కాదు. నేర్పించేవాళ్లు చెప్పిన మందు, ముక్కుపట్టీ ఇంకో రంధ్రం బిగించడం. బిగించాను. మర్నాడు ఇంకోటి. నోరు మూసుకుంది, కప్పొచ్చింది. ముక్కుపట్టీ కింద రెండు వేళ్లు దూరాలన్నది పాత నియమం. నాకు ఒక్క వేలు కూడా దూరేది కాదు. నోరెందుకు తెరుస్తోందో చూద్దామని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. తోలుపట్టీ నోటిని మూసింది, లోపలి నొప్పి లోపలే ఉండిపోయింది. కుక్క కాలు తొక్కితే కుయ్యిమంటుంది, ఊరంతా తిరిగి చూస్తుంది. గుర్రం అరవదు. వేటాడే జంతువుల మధ్య బతికిన జాతి, నొప్పి బయటపెడితే ప్రాణానికే మోసం. మనకది సౌకర్యం అయిపోయింది. టోక్యో ఒలింపిక్స్‌లో, ఐదు పోటీలు కలిసిన మోడర్న్ పెంటాథ్లాన్‌లో ఒక గుర్రం దూకనని మొరాయిస్తే రౌతు ఏడుస్తూ కొరడా ఝళిపించడం ప్రపంచమంతా చూసింది. చివరికి పారిస్ తర్వాత ఆ ఆటలోంచి స్వారీనే తీసేశారు. మా మైదానంలో కెమెరాలు లేవు గానీ, ఉంటే నా మొహం కూడా చూడదగ్గదేం కాదు.

పొద్దున్నే లాయానికెళ్లి, బిజిలీ నోరు చూపించమని సైసుని అడిగాను. అతను ఆశ్చర్యపడలేదు. బొటనవేలు పెదవి మూలలోంచి లోపలికి పెట్టాడు. ముందుపళ్లకీ దవడపళ్లకీ మధ్య అక్కడ పళ్లుండవు. కళ్లెం కూర్చునేది ఆ ఖాళీలోనే. పలచని చిగుళ్లు, వాటి కింద నేరుగా ఎముక. నేను కూడా వేలు పెట్టి చూశాను. తడిగా, వెచ్చగా, ఒక పక్క నున్నగా ఉంది. రెండో పక్క చిన్న గట్టి బొడిపె తగిలింది. మానిన పాత గాయం. "వచ్చేటప్పటికే ఉంది, ఇంతకుముందు పెళ్లిళ్లకి తిప్పారు" అన్నాడు సైసు. దాన్ని అతను రెండేళ్లు తాడు కట్టి నడిపించాడట, కళ్లెం లేకుండా. ఇప్పుడు వేసేది కూడా మధ్యలో కీలున్న నున్నటి కడ్డీ. మొదటి రోజు నేను బిగించిన ప్రతిసారీ ఆ బొడిపె మీదే పడి ఉంటుంది.

చివరి రోజు కళ్లెం తీసి తాడు మాత్రమే కట్టమన్నాను. అతను నా చేతుల వైపు చూసి, కాసేపు ఆలోచించి, సరేనన్నాడు. దౌడు లేదు, వీరత్వం లేదు. లూణీ ఇసుక పక్కన రేవాల్‌లో ఒక గంట. తిప్పాలంటే చూపు అటు తిప్పి, కాస్త నడుము వాల్చితే చాలు. ఆపాలంటే ఊపిరి వదిలి వీపు బరువుగా చేస్తే నాలుగడుగుల్లో ఆగింది. రెండుసార్లు ఆగలేదు, ఒక పొదలో ఏదో ఆకు నచ్చింది దానికి. తిననిచ్చాను.

రెండు కిలోమీటర్ల గుర్తు చింకిగుడ్డలు కట్టిన జమ్మిచెట్టు. అక్కడ దిగి, కడుపు కింద జీను బిగించే తంగు రెండు రంధ్రాలు వదులు చేసి, పక్కనే నడిచాను. తెనాలిలో కాలవ వంతెన ఎత్తు రాగానే మా తాతయ్య జట్కా దిగిపోయేవాడు. దిగి, లోపల కూర్చున్నవాళ్లతో "బాబూ, కాస్త దిగండి, గుర్రం ఈ ఎత్తు ఎక్కలేదు" అనేవాడు. ఇచ్చిన డబ్బులకి దిగడం కూడానా అని సణిగేవాళ్లు. ఆయన పలికేవాడు కాదు. బండి పక్కన ఒక చెయ్యి కాడి మీద వేసి నడిచేవాడు. సణిగినవాళ్లూ దిగేవాళ్లు.

లాయం దగ్గర జీను తీశాక బిజిలీ ఒళ్లంతా దులుపుకుంది. వీపు మీద జీను ఆకారంలో తడి మచ్చ, అంచు గీసినట్టుగా. నాలుగడుగులు వేసి, ఇసుకని ముక్కుతో వాసన చూసి, మోకాళ్లు మడిచి ధబ్బుమని పడుకుని పొర్లింది. ఒక పక్కకి, మళ్లీ రెండో పక్కకి, నాలుగు గిట్టలూ ఆకాశంలోకి. లేచేసరికి మచ్చంతా ఇసుకతో నిండిపోయింది. సైసు బక్కెట్లో నానిన శనగలూ బెల్లమూ తెచ్చాడు.