మూలానికి కట్టుబడాలంటే, ఏ మూలానికి?

కామిక్స్ ఆధారంగా తీసే సినిమాల్లో ఏదైనా పాత్రకు కొత్త నటుణ్ణి ప్రకటించినప్పుడు అభిమానుల నుంచి నిరసన రావడం ఎంత మామూలైపోయిందంటే, అది రాకపోతేనే ఆ పాత్ర మీద ఎవరికీ ఆసక్తి లేదేమోనని నిర్మాతలు దిగులుపడాలి. ఆ నిరసనల్లో పదేపదే వినిపించే ఆరోపణ ఒకటే: మూలానికి ద్రోహం చేశారని. ఈ వాదోపవాదాలను నేను చాలాకాలంగా చదువుతున్నాను, అప్పుడప్పుడు వాటిలో పాల్గొంటున్నాను కూడా. నాకు తోచిందేమిటంటే, అభిమానులు మూలం అని దేన్ని భావిస్తున్నారో అది కొన్ని దశాబ్దాలుగా నెమ్మదిగా చోటు మారుతూ వచ్చింది. ఒకప్పుడు అది అచ్చయిన పేజీలో ఉండేది. ఇప్పుడు చాలావరకు తెర మీద, ఒక నటుడి ముఖంలో ఉంటోంది. కోపం మాత్రం పాత మాటల్లోనే బయటికి వస్తోంది.

పేజీయే మూలమైన రోజులకు మంచి ఉదాహరణ మైకేల్ కీటన్. 1988లో దర్శకుడు టిమ్ బర్టన్ ఆయనను బ్యాట్‌మన్‌గా ఎంచుకున్నప్పుడు, వార్నర్ బ్రదర్స్ సంస్థకు దాదాపు 50,000 నిరసన ఉత్తరాలు వెళ్లాయని చెబుతారు. కీటన్‌కు అప్పటికి హాస్యనటుడిగానే ఎక్కువ పేరు. ఎత్తు సామాన్యం, కండలు తిరిగిన దేహం కాదు, కామిక్స్‌లో బ్యాట్‌మన్ అసలు మనిషైన బ్రూస్ వేన్‌కు గీసే చదరపు దవడ అసలే లేదు. పాఠకుల ఆందోళనకు మరో కారణం కూడా ఉంది. 1960ల టీవీ ధారావాహిక బ్యాట్‌మన్‌ను నవ్వులాటగా మార్చిందన్న బాధ వాళ్లలో చాలామందికి ఇంకా తగ్గలేదు. 1986లో ఫ్రాంక్ మిల్లర్ సృష్టించిన, వయసు మళ్లి మరింత కరకుదేలిన బ్యాట్‌మన్ వాళ్ల మనసుల్లో అప్పుడప్పుడే స్థిరపడుతున్నాడు. అటువంటి సమయంలో హాస్యనటుడి పేరు వినగానే, కథ మళ్లీ మొదటికొచ్చిందని అనుకోవడంలో వింత లేదు.

1989లో సినిమా వచ్చాక జరిగింది గమనించదగ్గది. కీటన్ ధరించిన రబ్బరు దుస్తుల్లో ముసుగు, మెడ, భుజాలు ఎంత బిగుతుగా కలిసిపోయి ఉన్నాయంటే, ఆయనకు తల తిప్పే వీలే లేదు. పక్కకు చూడాలంటే నడుము నుంచి పైభాగమంతా ఒక్కసారిగా తిరగాలి. ఆ ఇబ్బందే ఆ పాత్రకు ఒక నడవడిని ఇచ్చింది: అనవసరంగా కదలని, కదిలితే నిండుగా కదిలే మనిషి. ముసుగులోంచి బయటికి కనిపించేది కళ్లు, పెదవులు, చుబుకం, అంతే. ఏ భారీ ఆకారం లేదని ఉత్తరాలు రాశారో ఆ ఆకారాన్ని దుస్తులే సమకూర్చాయి. మిగిలిన పనిని కీటన్ కళ్లతో చేశాడు. 2023లో, 30 ఏళ్లు దాటాక, ఆయన మళ్లీ అదే పాత్రలో కనిపించబోతున్నాడని తెలిసినప్పుడు అసలు బ్యాట్‌మన్ తిరిగొస్తున్నాడని పండగ చేసుకున్నవాళ్లు ఎందరో. మూలానికి సరిపోడని ఒకనాడు తోసిపుచ్చిన ముఖమే ఈలోగా మూలమై కూర్చుంది. 2006లో జోకర్‌గా హీత్ లెడ్జర్ పేరు బయటికొచ్చినప్పుడూ, 2013లో బెన్ అఫ్లెక్, 2019లో రాబర్ట్ ప్యాటిన్సన్ పేర్లు బ్యాట్‌మన్ కోసం వినిపించినప్పుడూ దాదాపు ఇదే తంతు నడిచింది కాబట్టి వాటి జోలికి పోను. లెడ్జర్‌కు మరణానంతరం ఆస్కార్ దక్కింది కనుక ఆ ఉదాహరణను అందరూ ఎలాగూ ఎత్తుతారు.

ఇక పేజీ సంగతి. మూలానికి కట్టుబడాలని పట్టుబట్టేవాళ్లను ఏ పేజీకని అడిగితే చిక్కు మొదలవుతుంది. 1938లో పుట్టిన సూపర్‌మన్ ఎగిరేవాడు కాదు, భవనాల మీదుగా గెంతేవాడు. అతన్ని నిస్సత్తువ చేసే క్రిప్టోనైట్ ముందుగా 1943లో రేడియో నాటకంలో వచ్చి, ఆ తర్వాత కామిక్స్‌లోకి చేరింది. 1939 నాటి తొలి కథల్లో బ్యాట్‌మన్ తుపాకీ పట్టాడు, మనుషుల్ని చంపాడు కూడా. ప్రాణం తీయకూడదన్న నియమం ఆ తర్వాత వచ్చింది. బ్యాట్‌మన్ కథల్లోని హార్లీ క్విన్ 1992లో టీవీ కార్టూన్ కోసం పుట్టి, తర్వాత కామిక్స్‌లో స్థిరపడింది. మార్వెల్ కథల్లోని గూఢచారి అధిపతి నిక్ ఫ్యూరీ సంగతి మరీ తమాషా. 2002లో మొదలైన ఒక కామిక్స్ వరుసలో అతని ముఖాన్ని నటుడు శామ్యూల్ ఎల్. జాక్సన్ పోలికలతో గీశారు. 2008 నాటికి ఆ జాక్సనే తెర మీద ఆ పాత్ర పోషించాడు. పేజీ తెరను అనుసరించిందా, తెర పేజీని అనుసరించిందా అన్నది అక్కడ తేలే విషయం కాదు.

ఈ చిక్కు ఎంత లోతుదో చూడాలంటే 2013లో వచ్చిన 'మ్యాన్ ఆఫ్ స్టీల్' ముగింపు మీద జరిగిన గొడవకు మించిన ఉదాహరణ నాకు తెలియదు. ఆ సినిమాలో సూపర్‌మన్ పుట్టిన గ్రహానికే చెందిన విలన్ జనరల్ జాడ్ తన కంటి మంటలతో ఒక కుటుంబాన్ని కాల్చబోతుంటే, వేరే దారి లేక సూపర్‌మన్ అతని మెడ విరిచి చంపుతాడు. సూపర్‌మన్ చంపడు, ఇది మూలానికి విరుద్ధమని అభిమానులు మండిపడ్డారు. దానికి సినిమాను సమర్థించేవాళ్లు ఒక పేజీని తెరిచి చూపించారు: 1988లో జాన్ బర్న్ రాసి గీసిన కథలో సూపర్‌మన్ జాడ్‌తో సహా ముగ్గురు నేరస్థుల్ని క్రిప్టోనైట్‌తో చంపుతాడు. పేజీల లెక్కలో చూస్తే వాదన అక్కడితో ముగిసినట్టే. కానీ ఆ కామిక్స్‌ను ఇంకాస్త ముందుకు చదివితే, ఆ పని చేసిన సూపర్‌మన్ మనసు చెదిరి, తానిక భూమి మీద ఉండదగినవాణ్ణి కానని అంతరిక్షంలోకి వెళ్లిపోతాడు. చేసిన పని బరువు కొన్ని నెలల సంచికల పాటు అతని వెంటే ఉంటుంది. సినిమాలో ఏం జరిగింది? అతను ఒక్క అరుపు అరుస్తాడు, ప్రియురాలు లోయిస్ అతన్ని దగ్గరకు తీసుకుంటుంది. ఆ తర్వాత కొద్దిసేపటికే సైన్యం తన మీద నిఘాకు పంపిన డ్రోన్‌ను నేలకూల్చి, సైన్యాధికారితో చమత్కారంగా మాట్లాడుతుంటాడు. అభిమానులు సరైన నొప్పిని తప్పు చోట చూపించారని నా అభిప్రాయం. వాళ్లను బాధపెట్టింది చంపడం కాదు, చంపాక ఏమీ జరగకపోవడం. మూలంలో నిజంగా నిలుపుకోవలసింది సంఘటనను కాదు, ఆ సంఘటన వల్ల ఆ మనిషికి ఏమవుతుందో దాన్ని.

దీనికి సరిగ్గా అవతలి కొసన ఉన్నది 'మ్యాన్ ఆఫ్ స్టీల్' దర్శకుడు జ్యాక్ స్నైడరే 2009లో తీసిన 'వాచ్‌మెన్'. అందులో అనేక దృశ్యాలు కామిక్స్ చిత్రాలను కూర్పుతో సహా తెర మీదికి దించినవి. చివర్లో నగరం మీద పడే భారీ ప్రాణిని తీసేసి వేరే విధ్వంసం పెట్టినందుకు అభిమానులు చాలా రగడ చేశారు. నన్నడిగితే ఆ మార్పు కథకు పెద్దగా నష్టం చేయలేదు. నష్టం చేసింది, పుస్తకంలో అసహ్యం పుట్టించే కొట్లాటలను సినిమాలో మందగమనంలో, నిగనిగలాడేలా, చూసి మురిసిపోయేలా చిత్రించడం. చట్రం చెక్కుచెదరలేదు, భావం తలకిందులైంది. దీని మీద వచ్చిన రగడ మాత్రం తక్కువే.

పాత్రధారుల మార్పు విషయానికొస్తే, కామిక్స్ పాఠకుడికి అది కొత్త కాదు. 1966లో 'అమేజింగ్ స్పైడర్‌మన్' కామిక్స్‌ను చిత్రకారుడు స్టీవ్ డిట్కో వదిలేసినప్పుడు జాన్ రొమీటా చేపట్టాడు. డిట్కో గీసిన పీటర్ పార్కర్, అంటే ముసుగు లేని స్పైడర్‌మన్, బక్కపలచగా, ముడుచుకుపోయినట్టు ఉండే కుర్రాడు. రొమీటా మొదట్లో డిట్కో శైలినే అనుకరించాలని ప్రయత్నించినా, కొద్దికాలానికి పీటర్ అందగాడైపోయాడు, చుట్టూ ఉన్న అమ్మాయిలు ఇంకా అందంగా తయారయ్యారు. తెర మీద నటుణ్ణి మార్చడానికి ఇది అచ్చంగా సమానం. అయినా కథ ఆగలేదు, పాఠకులు ఆగలేదు. చిత్రకారుడు మారితే సర్దుకుపోయిన పాఠకుడే నటుడు మారితే సర్దుకోలేకపోవడానికి కారణం ఉంది. గీత మారినప్పుడు చేయి మారిందని మనకు తెలుసు, మనిషి అతనే. ఫొటోలాంటి తెర మీద ముఖం మారితే మనిషే మారాడని కన్ను చెబుతుంది. ఎంత తర్కం చెప్పినా కన్ను ఒప్పుకోదు.

ఆ కన్నును ఒప్పించడానికి నేను చూసినవాటిలో తెలివైన ప్రయత్నం 'ఐరన్ మ్యాన్ 2'లో ఉంది. 2008 నాటి మొదటి సినిమాలో ఐరన్ మ్యాన్ టోనీ స్టార్క్ స్నేహితుడు రోడీ పాత్ర పోషించిన టెరెన్స్ హోవర్డ్ స్థానంలో 2010 నాటికి డాన్ చీడిల్ వచ్చాడు. సెనేట్ విచారణలో టోనీ స్టార్క్ కూర్చుని ఉండగా రోడీని పిలుస్తారు. తలుపు దగ్గర కనిపించేది కొత్త ముఖం. టోనీ లేచి వెళ్లి, నువ్విక్కడ ఉంటావని అనుకోలేదన్నట్టు పలకరిస్తాడు. రోడీ దానికి, వచ్చింది నేనే, ఇక ఆ సంగతి వదిలి ముందుకు సాగుదాం అన్న అర్థంలో జవాబిస్తాడు. కథలో ఆ మాట స్నేహితుడికి చెప్పినది. థియేటర్‌లో మాత్రం అది నేరుగా ప్రేక్షకుడికే తగులుతుంది. నిమిషం కూడా పట్టని ఆ ఏర్పాటుతో పని అయిపోయింది. హల్క్ విషయంలో ఎడ్వర్డ్ నార్టన్ స్థానంలో 2012లో మార్క్ రఫలో వచ్చినప్పుడు ఈ మాత్రం వివరణ కూడా ఇవ్వలేదు, ఎందుకంటే నార్టన్ ముఖం ఒక్క సినిమాకే పరిమితం. క్రిస్టఫర్ నోలన్ బ్యాట్‌మన్ చిత్రాల్లో రేచెల్ డాస్‌గా 2005లో కేటీ హోమ్స్, 2008లో మ్యాగీ జిలెన్‌హాల్ నటించారు. ఆ పాత్ర కామిక్స్‌లో లేదు, సినిమా కోసం కల్పించినది. దాని మార్పు మీద పెద్ద యుద్ధాలేవీ జరగలేదు. వెనక పేజీ లేదు, ముఖం పాతుకుపోయేంత సమయమూ లేదు.

ముఖం పూర్తిగా పాతుకుపోతే ఏమవుతుందో 2020 ఆగస్టులో చాడ్విక్ బోస్‌మన్ మరణించినప్పుడు తెలిసింది. ఆయన పోషించిన టి'చల్లా, అంటే బ్లాక్ పాంథర్, పాత్రను ఇంకెవరికీ ఇవ్వబోమని మార్వెల్ ప్రకటించింది. అది బోస్‌మన్‌కు ఇవ్వవలసిన గౌరవమని కొందరు అన్నారు. ఆ పాత్ర ఒక నటుడి కంటే పెద్దదని, దాన్ని కొనసాగించడమే గౌరవమని మరికొందరు సంతకాలు సేకరించారు. చిత్రమేమిటంటే, ఇద్దరూ విధేయత పేరుతోనే మాట్లాడారు. ఒకరిది నటుడికి, మరొకరిది పాత్రకు. చెల్లెలు షూరి బ్లాక్ పాంథర్ అవడం కామిక్స్‌లో 2009లోనే జరిగింది కాబట్టి, కొత్త కథకూ ఒక పేజీ దన్ను ఉంది. 2022లో వచ్చిన సినిమా సంతాపాన్నే కథగా మార్చుకుంది. ఆ ఒక్క చిత్రానికి అదే సరైన నిర్ణయమని నేను నమ్ముతాను. కానీ ఆ పాత్రను శాశ్వతంగా మూసేయడం మాత్రం నష్టమే. నిర్మాతలకూ అది తెలుసు కాబట్టే, చివర్లో అదే పేరున్న కొడుకును చూపించి తలుపు కొంచెం తెరిచి ఉంచారు.

మూలం పేరుతో వచ్చే అభ్యంతరాలన్నీ ఒకే కోవకు చెందవని కూడా చెప్పాలి. 2011లో వచ్చిన 'థోర్' సినిమాకు హైమ్‌డాల్‌గా నల్లజాతి నటుడు ఇడ్రిస్ ఎల్బాను తీసుకున్నప్పుడు, ఇంద్రధనుస్సు వంతెన మీద కాపలా కాసే గ్రహాంతర దేవుడి చర్మం రంగు మీద చర్చ జరిగింది. అదే సినిమాలో నార్స్ పురాణాన్ని ఎన్ని విధాలుగా మార్చారో ఎవరికీ పట్టలేదు. 'ఎక్స్-మెన్' కథల్లోని వుల్వరిన్ కామిక్స్‌లో 5 అడుగుల 3 అంగుళాల పొట్టివాడు. 2000లో ఆ పాత్రకు వచ్చిన హ్యూ జాక్‌మన్ 6 అడుగులు దాటిన మనిషి. కొందరు గొణిగారు, ఆపై అందరూ మరిచిపోయారు. అంగుళాలను క్షమించినవాళ్లు రంగును క్షమించలేకపోతే, దాన్ని మూలం మీద ప్రేమ అనుకోవడం నాకు సాధ్యం కాదు. ఇంతకీ జాక్‌మన్ ఎత్తు మీద చివరి హాస్యం 2024 నాటి 'డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్' సినిమాదే. అందులో నిజంగానే పొట్టి వుల్వరిన్ ఒకడు కాసేపు కనిపిస్తాడు. తొలి సినిమా వెటకారం చేసిన పసుపు దుస్తులను జాక్‌మనే వేసుకుంటే థియేటర్లు హోరెత్తాయి. పేజీ పట్ల ఆ ఉత్సాహమంతా 24 ఏళ్లుగా చూస్తున్న అదే ముఖం వల్ల వచ్చినదని నా అనుమానం.

2024 జూలైలో శాన్ డియేగో కామిక్ కాన్ వేదిక మీద, టోనీ స్టార్క్‌గా అందరికీ తెలిసిన రాబర్ట్ డౌనీ జూనియర్ లోహపు ముసుగు తీసి, తాను ఈసారి విలన్ డాక్టర్ డూమ్‌నని తెలిపినప్పుడు ఈ కథ మరో మలుపు తిరిగింది. ఇక్కడ పాత్రకు ముఖం మారలేదు, ముఖానికి పాత్ర మారింది. టోనీ స్టార్క్ మరణం విలువ పోతుందని కొందరు, డూమ్ లాంటి విలన్‌కు ఆ స్థాయి నటుడే కావాలని మరికొందరు అప్పటి నుంచీ వాదించుకుంటున్నారు. నాకు ఆసక్తి కలిగించేది వేరే సంగతి. కామిక్స్‌లో డూమ్ తన ముఖాన్ని లోకానికి చూపించడు. చూపించకపోవడమే అతని అహంకారం, అతని గాయం. సినిమా ప్రపంచంలో అందరికంటే ఎక్కువ మంది గుర్తుపట్టే ముఖాన్ని సరిగ్గా అటువంటి పాత్రకు ఎంచుకున్నారు. నిర్మాతలకు ధైర్యముంటే ఆ ముసుగును సినిమా పొడుగునా తీయనివ్వకూడదు, డౌనీ గొంతుతోనూ భుజాలతోనూ నటించాలి. ఆ ముఖానికి అంత పారితోషికం ఇచ్చినవాళ్లు దాన్ని దాచి ఉంచుతారన్న ఆశ నాకైతే లేదు.