రెండు పిస్టన్లు పోయాక దొరికిన లీకు: పాత చైన్‌సా ఇంజిన్‌తో నా అనుభవం

నిన్న సాయంత్రం పని పూర్తయింది. చేతులకి టూ స్ట్రోక్ ఆయిల్ వాసన ఇంకా వదల్లేదు. ఎక్కడ మోసపోయానో గుర్తుండగానే రాసేద్దామని కూర్చున్నాను.

రంపం మా మావయ్యది. 59 సీసీ, 20 ఏళ్లు దాటింది. ఆయన వాడినంత కాలం బాగానే కోసింది, తర్వాత మూలన పడింది. నేను తీసేసరికి తాడు లాగితే చేతికి బలమే తగల్లేదు. కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో చూపేది) పెడితే 90 పీఎస్ఐ, బాగా తక్కువ. సైలెన్సర్ విప్పి ఎగ్జాస్ట్ రంధ్రంలోంచి టార్చ్ వేసి చూస్తే పిస్టన్ మీద నిలువునా గీతలు. ఎలాగూ విప్పుతున్నాం కదా, బాగు చేయడంతో ఆపకుండా ఇంకొంచెం బలం కూడా తెద్దాం అనుకున్నాను. ఆ ఉత్సాహంలో అడగాల్సిన ఒక్క ప్రశ్న అడగలేదు: అసలు ఈ పిస్టన్ ఎందుకు గీసుకుపోయింది?

విప్పడం పెద్ద కష్టం కాదు. క్లచ్‌ది ఎడమ మర, అంటే సవ్యదిశలో తిప్పితే ఊడుతుంది. ఇది తెలియక బలం కొద్దీ బిగించి విరగ్గొట్టేవాళ్లున్నారు. పిస్టన్ కదలకుండా ప్లగ్ రంధ్రంలోంచి తాడు దూర్చాలి. పిస్టన్ ఎగ్జాస్ట్ రంధ్రాన్ని దాటి పైకి వచ్చాకే దూర్చండి, లేకపోతే తాడు రంధ్రం అంచుకీ పిస్టన్‌కీ మధ్య నలిగిపోతుంది.

సిలిండర్ చూసి మొదట గుండె జారింది. లోపలి గోడకి బూడిదరంగు చారలు అంటుకుని ఉన్నాయి. అవి సిలిండర్‌కి పడ్డ గీతలు కావు, పిస్టన్ అల్యూమినియం కరిగి సిలిండర్ లోపలి గట్టి పూత మీద అతుక్కుంది. ఇలాంటి పూత సిలిండర్లని బోరింగ్ చేయించకూడదు, పూత పోతే సిలిండర్ పోయినట్టే. చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు పెట్టుకుని, గాలి బాగా ఆడేచోట కూర్చుని, ఇయర్‌బడ్‌ని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ముంచి ఆ చారల మీద మాత్రమే అద్దాను. వెంటనే బుసబుసమని నల్లటి నురుగు. తుడిచి మళ్లీ అద్దాను. నాలుగైదు సార్లయ్యాక నురుగు రావడం ఆగింది, అంటే అల్యూమినియం అయిపోయింది. యాసిడ్ రంధ్రాల అంచులకి తగలకూడదు, అక్కడ పూత లేని అల్యూమినియం ఉంటుంది, దాన్నీ తినేస్తుంది. తర్వాత సోడా కలిపిన నీళ్లతో కడిగి, సన్నటి ఎమరీ పేపర్‌తో అడ్డదిడ్డంగా రుద్దాను. గోటితో గీస్తే ఎక్కడా తగల్లేదు. పారేయాల్సిన సిలిండర్‌ని నా చేతులతో బతికించుకున్నాను, ఆ విషయంలో నాకు ఇప్పటికీ గర్వంగానే ఉంది.

బలం కోసం చేసినవి మూడే. పిస్టన్ మీద సోల్డర్ తీగ పెట్టి ఇంజిన్ చేత్తో తిప్పితే అది 1.1 మిల్లీమీటర్ల మందాన నలిగింది. పిస్టన్ పైకొచ్చినప్పుడు హెడ్‌కీ దానికీ మధ్య ఉండే ఖాళీ అదే. సిలిండర్ అడుగున ఉన్న 0.5 మిల్లీమీటర్ల గ్యాస్కెట్ తీసేసి వేడికి తట్టుకునే సీలెంట్ పూస్తే ఖాళీ 0.6కి వచ్చింది. 0.5 కంటే కిందకి వెళ్లొద్దు, వేగంలో పిస్టన్ వెళ్లి తగులుతుంది. ఇంకొకటి, సిలిండర్ కిందకి దిగితే రంధ్రాలు తెరుచుకునే సమయాలు కూడా మారతాయి. ఎగ్జాస్ట్ ఆలస్యంగా తెరుచుకుంటుంది, ఇన్‌టేక్ ఎక్కువసేపు తెరిచి ఉంటుంది. డిగ్రీ చక్రం (ఇంజిన్ ఎన్ని డిగ్రీలు తిరిగిందో చూపే బిళ్ల) బిగించి చూసుకోకుండా గ్రైండర్ పట్టుకోకండి. ఎగ్జాస్ట్ రంధ్రాన్ని ఎత్తు ముట్టుకోకుండా వెడల్పు మాత్రం 25 నుంచి 28 మిల్లీమీటర్లకి పెంచాను. బోర్ 47 కాబట్టి అది దాదాపు 60 శాతం, అంతకంటే ఆశపడలేదు. అంచులన్నీ కొంచెం వాలుగా నునుపు చేశాను, పదునుగా వదిలేస్తే రింగు అక్కడ చిక్కుకుని విరిగిపోతుంది. చివరిగా సైలెన్సర్ నోరు పెద్దది చేశాను. నిప్పురవ్వలు ఆపే జాలీ మాత్రం తీయలేదు, ఎండుటాకుల మధ్య తిరిగే యంత్రానికి అది తీసేయడం నేరం.

కొత్త పిస్టన్, కొత్త రింగు, కొత్త క్లిప్పులు. పిస్టన్ మీద బాణం ఎగ్జాస్ట్ వైపు. బిగించాను, తాడు లాగాను, నాలుగో లాగుకి అందుకుంది. ఆ చప్పుడు వినగానే కలిగిన ఆనందం చెప్పలేను. అప్పుడే ఎవరైనా ఆపి ఉంటే బాగుండేది.

ఎందుకంటే ఐడిల్, అంటే రేస్ ఇవ్వనప్పుడు నడిచే వేగం, నిలబడలేదు. ఒకసారి తగ్గి ఆగిపోబోతుంది, ఒకసారి దానంతటదే పెరుగుతుంది. రేస్ ఇచ్చి వదిలితే దిగడానికి రెండు మూడు సెకన్లు పడుతోంది. రంపాన్ని క్లచ్ వైపు వంచితే శబ్దం మారుతోంది. ఇవన్నీ ఎక్కడో గాలి లీకుందని చెప్పే గుర్తులే, నేను మాత్రం కార్బొరేటర్ స్క్రూలు తిప్పుతూ కూర్చున్నాను. దుంగ మీద పెట్టి మూడు కోతలు కోశాను. మూడోది సగంలో ఉండగా శబ్దం సన్నగా పైకి లేచింది, ఒక్క క్షణం కీచుమంది, ఆగింది. తాడు లాగితే కదల్లేదు. కొత్త పిస్టన్ పట్టేసింది, పది నిమిషాలు కూడా నడవలేదు.

ఆ రంపాన్ని రిపేరు చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ మరో నలుగురు ఉన్నారు. ఆయన సైలెన్సర్ తీసి లోపలికి ఒక్క చూపు చూసి, ఎగ్జాస్ట్ నేను నునుపు చేసిన చోట వేలు పెట్టి, అందరికీ వినపడేలా "ఎవరు చెప్పారు బాబూ నిన్ను దీన్ని ముట్టుకోమని?" అన్నాడు. పక్కనున్నాయన నవ్వాడు. "రంధ్రాలు గీకావు కాబట్టే పోయింది. ఇక పారేసి కొత్తది కొనుక్కో, లేదంటే కార్బొరేటర్ మార్చి చూస్తా" అన్నాడు. ఒక్క పరీక్ష చేయలేదు. నేను గాలి లీకు సంగతి అడగబోతే "నాకు నేర్పుతావా" అన్నాడు. ముఖం మాడిపోయింది. రంపం తీసుకుని వచ్చేశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఆయన చెప్పిందే నిజమేమో, మావయ్య వస్తువుని నేనే పాడుచేశానేమో అన్న టెన్షన్.

పని తెలిసినవాళ్లకి ఒక్క మాట. తెలియనివాడు తప్పు చేసి వస్తే తప్పెక్కడో చూపించండి, నలుగురిలో నవ్వకండి. గేజ్ పెట్టి చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది, ఆ రెండు నిమిషాలూ పెట్టకుండా కార్బొరేటర్ అమ్మడం ఏం పనితనం?

మళ్లీ విప్పి, ఈసారి ప్రెషర్ పరీక్ష చేశాను. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ రబ్బరు ముక్కలతో మూసి, పిస్టన్‌ని కిందకి దించి, కార్బొరేటర్‌కి ఇంపల్స్ (ఇంజిన్ అడుగు భాగంలో ఒత్తిడి హెచ్చుతగ్గులు) వెళ్లే గొట్టంలోంచి చేతిపంపుతో 0.5 బార్ గాలి ఎక్కించాను. ముల్లు కదల్లేదు. అతుకులన్నిటి మీదా సబ్బునీళ్లు పూశాను, ఒక్క బుడగ లేదు. లీకు లేదని తేలిపోయింది అనుకున్నాను. ఇక తప్పు కార్బొరేటర్‌దే అని మూడు వారాలు దాని వెంట పడ్డాను. డయాఫ్రమ్‌లు మార్చాను, సూది మార్చాను, లీవర్ ఎత్తు సరిచూశాను, గట్టిపడిన పెట్రోల్ పైపు మార్చాను. పాత పిస్టన్‌నే శుభ్రం చేసి తాత్కాలికంగా బిగించి నడిపితే ఐడిల్ అదే పిచ్చి. నాకు మతిపోయింది.

ఒక రాత్రి మాన్యువల్‌లో ఆ పేజీ ఐదోసారి చదువుతుంటే కంటపడింది: ప్రెషర్ పరీక్ష తర్వాత వాక్యూమ్ పరీక్ష కూడా చేయాలని ఉంది. ప్రతిసారీ ఆ వాక్యం దాటేశాను. కారణం ఆలోచిస్తే తేలికే. క్రాంక్ ఆయిల్ సీల్ అంటే ఇంజిన్ షాఫ్ట్ బయటికొచ్చే చోట గాలి చొరబడకుండా ఆపే రబ్బరు చుట్టు, దాని పెదవి లోపలివైపు తిరిగి ఉంటుంది. లోపల గాలి ఒత్తిడి పెరిగితే ఆ పెదవి షాఫ్ట్‌కి ఇంకా గట్టిగా అతుక్కుంటుంది, లీకు కనపడదు. లోపల వాక్యూమ్ వచ్చినప్పుడు, అరిగి గట్టిపడిన పెదవి లేచి బయటి గాలిని పీలుస్తుంది. టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పిస్టన్ పైకి వెళ్లిన ప్రతిసారీ కింద వాక్యూమ్ వస్తుంది. ఆ దొంగ గాలి చేరి గాలి, పెట్రోల్ మిశ్రమం పలచబడుతుంది, పలచబడితే వేడెక్కుతుంది, ఆ పెట్రోల్‌తో వచ్చే ఆయిల్ కూడా తగ్గుతుంది, పిస్టన్ పట్టేస్తుంది.

పంపుని వాక్యూమ్‌కి మార్చి 0.5 బార్ లాగాను. ముల్లు నిలబడలేదు, చూస్తుండగానే సున్నాకి వచ్చింది. క్లచ్, ఆయిల్ పంపు తీసి సీల్ బయటపెట్టి, దాని పెదవి మీద ఒక చుక్క ఆయిల్ వేసి మళ్లీ లాగాను. ఆ చుక్క షాఫ్ట్ చుట్టూ ఒక్కసారి మెరిసి లోపలికి జారిపోయింది. ఇంకో చుక్క వేశాను, అదీ పోయింది. రెండు పిస్టన్లనీ తిన్నది ఆ రబ్బరు పెదవే. నా గ్రైండర్ కాదు, కార్బొరేటర్ కాదు. ఒక్కణ్నే ఉన్నా గట్టిగా అరిచాను.

సీల్ మార్చడం అరగంట పని. సన్నటి కొక్కెంతో పాతది లాగేటప్పుడు షాఫ్ట్ మీద గీత పడకుండా చూసుకోవాలి, గీత పడితే కొత్త సీల్ కూడా లీకే. ఫ్లైవీల్ వైపుది కూడా మార్చేశాను, రెండూ ఒకే వయసువి. మళ్లీ వాక్యూమ్ పెట్టి, ఫ్లైవీల్‌ని నెమ్మదిగా తిప్పుతూ చూశాను. ముల్లు కదల్లేదు. ఇంకో కొత్త పిస్టన్ వేశాను, అది మాత్రం నా జేబుకి బాగానే తగిలింది.

ట్యూనింగ్ దగ్గర తొందరపడకండి. సైలెన్సర్ తెరిచాక పాత స్క్రూ లెక్క పనికిరాదు, హెచ్ స్క్రూ (ఫుల్ రేస్‌లో వెళ్లే పెట్రోల్‌ని సరిచేసేది) ఇంకా వదులు చేయాలి. ఖాళీగా ఫుల్ రేస్‌లో కొంచెం బరబరమనాలి, చెక్కలో దిగగానే ఆ బరబర పోయి శబ్దం శుభ్రం కావాలి. ఖాళీగా ఉన్నప్పుడే తీయగా, సన్నగా మోగితే పలచగా ఉన్నట్టు, అక్కడ ఆపకపోతే మళ్లీ పిస్టనే. మాన్యువల్‌లో గరిష్ఠ వేగం నిమిషానికి 13,000 చుట్లు అని ఉంది, నేను టాకోమీటర్ పెట్టి 12,500 దగ్గర ఆపాను. లీటరు పెట్రోల్‌కి 25 మిల్లీలీటర్ల ఆయిల్, అంటే 40:1. ఆయిల్ పాళ్లు మార్చినప్పుడల్లా ట్యూనింగ్ మళ్లీ చూసుకోండి, ఆయిల్ పెరిగితే అదే జెట్‌లోంచి వెళ్లే పెట్రోల్ తగ్గుతుంది. ఫ్లైవీల్ కీ అరగదీసి టైమింగ్ (ప్లగ్ నిప్పు పడే సమయం) ముందుకు జరపమని చాలామంది చెప్తారు. నేను చేయలేదు, చేయమని చెప్పను కూడా.

ఇప్పుడు కంప్రెషన్ 160 పీఎస్ఐ. ఐడిల్‌లో పెట్టి ఎటు వంచినా శబ్దం మారడం లేదు, రేస్ వదిలితే వెంటనే దిగుతోంది. నిన్న మూడో ట్యాంక్ అయ్యాక ప్లగ్ తీసి చూశాను, లేత గోధుమ రంగు. సైలెన్సర్ కూడా విప్పి టార్చ్ వేశాను. పిస్టన్ మీద మిషను చేసినప్పటి సన్నటి అడ్డగీతలు అలాగే ఉన్నాయి, నిలువు గీత ఒక్కటి లేదు. మావయ్యకి ఫోన్ చేసి రంపాన్ని ఫోన్ దగ్గర పెట్టి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఇంకొంచెం రేస్ ఇవ్వరా" అన్నాడు.