జాకీ కింది మట్టి

వాయుసేన కోసం 2018లో శ్రీహరికోట నుంచి పంపిన జీశాట్-7ఏ లాంటి ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. కింద ట్రక్కు మీది టెర్మినల్ (దానితో సంకేతాలు పంపి, అందుకునే డిష్ పరికరం) దాన్ని పట్టుకోవాలంటే, నన్నడిగితే డిష్ కన్నా ముందు బండిని కదలకుండా నిలబెట్టే జాకీల కింది నేల చూడాలి.

కేయూ బ్యాండ్‌లో, అంటే ఉపగ్రహాలకు వాడే ఒక రేడియో తరంగాల శ్రేణిలో, పంపేటప్పుడు 1.2 మీటర్ల డిష్ బీమ్ (అది పంపే తరంగాల ధార) వెడల్పు దాదాపు 1.25 డిగ్రీలే. మెత్తటి మట్టిలో ఒక్క జాకీ దిగి డిష్ అర డిగ్రీ వాలిందా, 2 డెసిబెల్స్ పోయినట్టే, అంటే మూడో వంతుకు పైగా పవర్. జాకీ కింద మందపాటి చెక్కపలక వేయండి. గంటయ్యాక మట్టం మళ్లీ చూడండి.

డిష్‌ను ఏ దిక్కుకు తిప్పాలో చూసే దిక్సూచిని బండికి దూరంగా పట్టుకోవాలి, ఇనుము ముల్లును లాగేస్తుంది.

సిగ్నల్ దొరికినా బలహీనంగా ఉందా? సైడ్ లోబ్ మీద, అంటే అసలు బీమ్ పక్కన ఉండే బలహీనమైన చిన్న బీమ్ మీద ఆగారేమో! పవర్ పెంచకండి, పక్క ఉపగ్రహానికి అంతరాయం. డిష్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పితే అసలు పీక్ దొరుకుతుంది.