బ్లెన్‌హైమ్‌లో నేలపాలైన ద్రాక్ష

రాత్రి రెండింటప్పుడు చంటిదాన్ని భుజాన వేసుకుని కిటికీ దగ్గర తిప్పుతుంటే, ఎదుటి తోటలో పెద్ద పెద్ద లైట్లు కదులుతున్నాయి. మనిషికి రెండింతల ఎత్తున్న బండి ఒకటి ద్రాక్ష వరసను కాళ్ల సందున పెట్టుకున్నట్టు నిలబడి, మెల్లగా ముందుకొస్తోంది. పక్క సందులో దానితో సమానంగా ట్రాక్టరు. బండికున్న పొడవాటి చేతిలోంచి కాయ ట్రాక్టరు తొట్టిలో పడుతోంది. మార్చి ఆఖరు అది. పొగాకు ఆకును వేడికి ఆరబెట్టే మా బ్యారన్ పొయ్యి దగ్గర తెల్లవార్లూ మేలుకున్న రాత్రులు గుర్తొచ్చాయి. పంట చేతికొచ్చే రోజుల్లో రైతింట్లో నిద్ర ఉండదు, ఎక్కడైనా అంతే.

2025 ఫిబ్రవరిలో అమ్మాయి పురుడుకని న్యూజిలాండ్ వెళ్లి, మే దాకా ఉన్నాను. మాది ప్రకాశం జిల్లా కొండపి దగ్గర పల్లె. ముప్పై ఏళ్లుగా పొగాకే. పొలం, బ్యారన్ మా ఆయనవి, లెక్కల పుస్తకం నాది. అల్లుడు బ్లెన్‌హైమ్ అనే ఊళ్లో వైన్ చేసే చోట ల్యాబులో పని చేస్తాడు. మా ఇంట్లో ఎవరికీ తాగే అలవాటు లేదు. అందుకని చుట్టాలు అడిగితే 'ద్రాక్ష ఫ్యాక్టరీ' అని చెప్పి ఊరుకునేదాన్ని. ఇప్పుడు వైన్ అనే చెబుతున్నాను. అక్కడి రైతు పడే పాట్లు చూశాక దాచాల్సిన సంగతిలా అనిపించడం లేదు. మేం పండించేది మాత్రం మేం కాలుస్తున్నామా? ఎక్కడో ఉన్నవాళ్లు కొంటేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది.

బ్లెన్‌హైమ్ ఉన్న ప్రాంతాన్ని మార్ల్‌బరో అంటారు. న్యూజిలాండ్ దక్షిణ దీవికి ఈశాన్యపు కొస. వైరావ్, అవాటెరె అని రెండు ఏటి లోయలు, చుట్టూ గడ్డి ఎండి గోధుమరంగుకు తిరిగిన కొండలు. ఎండాకాలంలో కనిగిరి వైపు వెళ్తున్నట్టే ఉంటుంది చూపుకి. కానీ పొద్దు గూకితే స్వెట్టర్ వేసుకోవాల్సిందే. ఆ రాత్రి చలే అక్కడి ద్రాక్షకు పేరు తెచ్చింది. వేడి ప్రాంతాల్లో కాయ పండేకొద్దీ పులుపు చచ్చిపోతుంది, ఇక్కడ తీపి ఎక్కినా పులుపు నిలబడుతుంది.

అల్లుడు ఒక సాయంత్రం సోవిన్యాన్ బ్లాంక్ అనే ద్రాక్ష రకం గుత్తి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "తిని చూడండి అత్తయ్యా." లేత పచ్చని చిన్న చిన్న కాయలు, సందు లేకుండా కుక్కినట్టున్నాయి. కొరికితే ముందు తీపి, వెంటనే నాలుక అంచులు జివ్వుమనే పులుపు, తోలులో క్యాప్సికం కోసినప్పుడు వచ్చే పచ్చి వాసన. జేబులోంచి చిన్న గొట్టం లాంటిది తీసి, దాని అద్దం మీద ఒక కాయ పిండి, వెలుతురు వైపు పెట్టి చూడమన్నాడు. లోపల గీతలు, అంకెలు. పైన నీలం, కింద తెలుపు, రెండూ కలిసే చోట 21. "ఇదే బ్రిక్స్. రసంలో నూటికి ఇరవయ్యొక్క పాళ్లు దాదాపు చక్కెరే. ఇక కోయొచ్చు" అన్నాడు. మా ఆయన ఆకు ఈనె విరిచి, ఆ చప్పుడు విని బ్యారన్ దించొచ్చో లేదో చెప్పేస్తాడు. వీళ్లు అద్దంలో చూసి చెబుతున్నారు.

1973కు ముందు అక్కడ వ్యాపారానికి ద్రాక్ష పెట్టినవాళ్లు లేరనే చెప్పాలి. గొర్రెలు, వెల్లుల్లి, చెర్రీ తోటలు. ఆ ఏడు ఒక పెద్ద కంపెనీ మొక్క నాటించింది, 1975లో సోవిన్యాన్ మొదలైంది. ఇప్పుడు దేశం మొత్తం ద్రాక్షలో ముప్పావు వంతు మార్ల్‌బరోదే. ఎగుమతయ్యే వైన్‌లోనూ అత్యధికం ఈ ఒక్క రకమే. ఒకే పంట మీద ఊళ్లకు ఊళ్లు బతకడం అంటే ఏమిటో ప్రకాశం జిల్లా వాళ్లకు వేరే చెప్పాలా?

చేతిలో పని లేనప్పుడు అల్లుడిని అడిగి అంకెలు పుస్తకంలో రాసుకున్నాను. ఇవి దేశం మొత్తానివి. 2021లో పంట దెబ్బతిని 3 లక్షల 70 వేల టన్నులే వచ్చింది. కొనేవాళ్లు పోటీలు పడ్డారు, ధర ఎక్కింది, ఆ ధర చూసి కొత్త తోటలు పెట్టారు. 2022లో 5 లక్షల 32 వేల టన్నులు, అంతకుముందు ఎన్నడూ లేనంత. 2023లోనూ 5 లక్షలు దాటింది. 2024లో చలి వల్ల పూత సరిగా నిలవక 3 లక్షల 93 వేలకు పడిపోయింది. హమ్మయ్య, పాత నిల్వలు కరిగిపోతాయి అనుకున్నారంతా. ఈలోగా తాగేవాళ్లే తగ్గారు. ఖర్చులు పెరిగాయని కొందరు, ఆరోగ్యమని కొందరు. నేను ఉన్న 2025 కోతల్లో మళ్లీ 5 లక్షల 19 వేలు. అది కూడా కోసిన లెక్క, కాసిన లెక్క కాదు.

ఆ తేడా ఏమిటో ఏప్రిల్ రెండో వారంలో కళ్లారా చూశాను.

పక్క తోట ఒక పెద్దాయనది. డెబ్బై దాటాయి. 9 హెక్టార్లు, మన లెక్కన 22 ఎకరాలు. పాతికేళ్ల కింద భార్యాభర్తలిద్దరూ సొంత చేతులతో స్తంభాలు పాతుకున్నారట. పొద్దున్నే చంటిదాన్ని ఎత్తుకుని కంచె దగ్గర నిలబడితే వచ్చి పలకరించేవాడు. నాకు ఆయన ఇంగ్లిషు సగమే అర్థమయ్యేది, మిగతాది అమ్మాయి చెప్పేది. ఆ రోజు ఆయన తోటలో కోత బండి తిరుగుతోంది. అయితే పక్కన ట్రాక్టరు లేదు. చెట్టును ఊపుతోంది, కాయ రాలుతోంది, బండి చేతిలోంచి వచ్చి వచ్చి మట్టిలో పడుతోంది. కింద గిన్నె పెట్టకుండా పాలు పితుకుతున్నట్టుంది. ట్రాక్టరు చెడిపోయిందేమో అనుకుని, "ఎవరైనా చెప్పండమ్మా ఆయనకి" అని అరిచాను కూడా. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, కావాలనే పారబోస్తున్నారు" అంది.

కంపెనీ ఆయనతో రాసుకున్న కాగితంలో హెక్టారుకు 12 టన్నులు అని ఉంది. ఆయన తోట ఆ ఏడు 17 కాసింది. మిగతా అయిదు టన్నులు ఎవరికీ అక్కర్లేదు. చెట్టుకే వదిలేస్తే గుత్తులు బూజు పట్టి, వచ్చే ఏటి కొమ్మకు తెగులు అంటిస్తాయి. అందుకని బండికి డబ్బిచ్చి మరీ నేలకు దులపాలి. మంచి ఏళ్లలో టన్నుకు 2 వేల న్యూజిలాండ్ డాలర్లు దాటేది అక్కడ. 45 టన్నులు, 90 వేల డాలర్లు. డాలరుకు 50 రూపాయలు వేసుకున్నా 45 లక్షలు. ఆ సాయంత్రం గాలి మా వైపు తిరిగితే ఇల్లంతా పులిసిన తీపి వాసన. తలుపులు మూసుకున్నాం. అన్నం సయించలేదు నాకు.

అదే నెలలో ఇంటి దగ్గర మా లెక్క ఇంకోలా నడుస్తోంది. అక్కడ రాత్రి అయితే ఇక్కడ మధ్యాహ్నం. వేలం ముగించుకుని మా ఆయన ఫోన్ చేసేసరికి నేను పాప గుడ్డలు మడతపెట్టుకుంటూ ఉండేదాన్ని. మార్చిలో కిలో 280 రూపాయలతో వేలం మొదలైనప్పుడు గొంతులో హుషారు ఉంది. ఏప్రిల్ వచ్చేసరికి, "పదకొండు బేళ్లు పెడితే నాలుగు నో బిడ్" అనడం మొదలైంది. పై గ్రేడు తీసుకుని, లో గ్రేడు దగ్గర బయ్యర్లు నోరు తెరవడం లేదు. వెనక్కి తెచ్చిన బేళ్లు విప్పి, మళ్లీ గ్రేడు కట్టి, మళ్లీ పట్టుకెళ్లాలి. ప్రతిసారీ ట్రాక్టరు కిరాయి, ప్రతిసారీ కూలి. 2024లో వేలంలో కిలో 350 దాటి పలికింది కదా, ఆ ధర చూసి మా చుట్టుపక్కల నాటనివాడు పాపం చేసినవాడిలా కనపడ్డాడు. మేమూ కౌలుకు నాలుగెకరాలు ఎక్కువ తీసుకున్నాం. ఆ నిర్ణయం నాది. లెక్క వేసి, లాభమని చెప్పి, ఒప్పించింది నేను.

ఆ మాట పెద్దాయనకు చెప్పించాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత 2021 ధర చూసి తానూ రెండున్నర హెక్టార్లు కొత్తగా పెట్టానని, ఆ మొక్క మూడేళ్లకు కాపుకొచ్చి ఇదిగో ఇప్పుడు కాస్తోందని, నేల మీద పడున్న కాయను బూటుతో చూపించాడు.

దీని గురించి నేను చాలా ఆలోచించాను. పొగాకు మొక్క ఆరు నెలలది. ఈ ఏడు తప్పు లెక్క వేస్తే వచ్చే ఏడు శనగ వేసుకోవచ్చు. మరీ గతి లేనప్పుడు 2000లో చేసినట్టు పంటే వేయకుండా క్రాప్ హాలిడే అయినా ప్రకటించుకోవచ్చు. ద్రాక్ష తీగ ఇరవై, ముప్పై ఏళ్లది. ధర ఉన్నప్పుడు నాటినది ధర పోయాక కాపుకొస్తుంది, వచ్చాక కాయొద్దంటే ఆగదు. పైగా ఈ ఏడు కాసే గుత్తి పోయిన ఏటి వేసవిలోనే మొగ్గలో రూపు కట్టుకుంటుందట. ఆ వేసవి వెచ్చగా ఉంటే గుత్తులు ఎక్కువ, ఈ వేసవి పూతకు వాతావరణం కలిసొస్తే గుత్తిలో కాయ ఎక్కువ. 2025లో అదే జరిగింది. ఇంకొకటి, ఆకును బేలు కట్టి గోడౌన్‌లో పెట్టుకోవచ్చు. పండిన ద్రాక్ష వారం ఆగదు. వైన్ చేసి దాచుదామన్నా ఈ రకాన్ని లేతగానే తాగుతారు, ఏళ్లు గడిచేకొద్దీ ధర దిగుతుంది. టన్నుకు 700 లీటర్ల పైనే వస్తుంది, కొత్త రసం పోయడానికి పాత ట్యాంకు ఖాళీ కావాలి. అందుకే సీసా కూడా లేకుండా, కంటైనర్‌లో పెద్ద సంచి పరిచి 24 వేల లీటర్లు ఒకేసారి పోసి, వచ్చిన ధరకు పంపేస్తారు.

ఒక్క విషయంలో మాత్రం పెద్దాయన పద్ధతే నాకు మేలనిపించింది. ఎంత తీసుకుంటారో, ఎంతకు తీసుకుంటారో ఆయనకు కోతకు ముందే తెలుసు. మాకు బ్యారన్‌కు ఎంత పండించాలో పొగాకు బోర్డు ముందే చెబుతుంది, ధర మాత్రం బేలు నేల మీద పెట్టి, బయ్యరు దాని ముందు నిలబడే దాకా తెలియదు. అప్పటికి ఎరువు అప్పు, కట్టెల ఖర్చు, ఆకు కోత కూలి, అన్నీ అయిపోయి ఉంటాయి. 2015లో ధర పడిపోయి, రైతులు ప్రాణాలు తీసుకుని, ఈ జిల్లాలో ఎన్ని కుటుంబాలు కూలిపోయాయో చూసినవాళ్లం. ఆకు నాటే ముందే కనీసం ఇంతకు తగ్గదని ఒక మాట ఉంటే, ఆ మాట కాగితం మీద ఉంటే, మా ఊళ్లో కొందరు ఇవాళ్టికి బతికుండేవారని నా గట్టి నమ్మకం. అయితే అక్కడా కాగితం గడువు అయిపోయినవాళ్ల పరిస్థితి ఘోరం. అల్లుడి స్నేహితుడి మామగారి తోటకు ఆ ఏడు కొనేవాళ్లే దొరకలేదు, మొత్తం నేలకే వదిలారు.

మేం అక్కడుండగానే ఏప్రిల్‌లో అమెరికా 10 శాతం సుంకం వేసింది. న్యూజిలాండ్ వైన్‌కు అదే అతిపెద్ద బజారు. ఆగస్టులో దాన్ని 15 చేసింది. అదే ఆగస్టులో మన సింగరాయకొండ, కొత్తపట్నం రొయ్యల చెరువుల వాళ్ల మీద 50 శాతం పడింది కాబట్టి, ఈ సంగతి ఇక్కడ ఎవరికీ కొత్త కాదు.

నేను వచ్చేశాక అమ్మాయి ఫొటోలు పంపుతూనే ఉంది. జులైలో కత్తిరింపులు. వనువాటు, సమోవా దీవుల నుంచి వచ్చిన కుర్రాళ్లు గడ్డకట్టే చలిలో తీగలు కోస్తున్నారు. మామూలుగా చెట్టుకు నాలుగు తీగలు వదిలి కట్టే పెద్దాయన ఈసారి రెండే వదిలించాడు. తీగ తగ్గితే మొగ్గ తగ్గుతుంది, కాయ తగ్గుతుంది. సెప్టెంబరు, అక్టోబరులో చిగురు మీద మంచు భయం. తెల్లవారుజామున హెలికాప్టర్లు తోటల మీద తక్కువ ఎత్తులో తిరుగుతూ, పైనున్న వెచ్చగాలిని కిందికి తోస్తాయి. చప్పుడుకు పాప లేచి ఏడుస్తోందని వీడియో పెట్టింది. కాయ ఎక్కువైందని పారబోసిన ఊళ్లోనే, చిగురు పోకూడదని గంటల లెక్కన డబ్బు కట్టి హెలికాప్టర్లు తిప్పుతారు. ఎందుకంటే 12 టన్నులైనా ఇస్తానని మాట ఇచ్చారు కాబట్టి. నాకు ఇందులో వింతేమీ కనపడలేదు. అక్టోబరు ఆఖర్లో మొంథా తుపాను వానకు మా చేలో నీళ్లు నిలబడితే, ధర ఎంతొస్తుందో తెలియని ఆకు కోసమే మా ఆయన అర్ధరాత్రి పార పట్టుకుని కాలవ తీయడానికి వెళ్లాడు. చచ్చిన మొక్కల చోట మళ్లీ నారు కొని వేశాం.

కార్తీకమాసంలో మొన్న ఆదివారం వీడియో కాల్ చేశాం. పాప పాకుతోంది, ఫోన్ లాక్కుని నోట్లో పెట్టుకోబోయింది. అమ్మాయి ఫోన్ పట్టుకుని కంచె దాకా వెళ్లింది. కొత్త మొక్క పెట్టిన రెండున్నర హెక్టార్లలో ఇప్పుడు తీగ లేదు. పీకేసిన స్తంభాలు ఒక పక్కన కుప్ప వేసి ఉన్నాయి, నేల మీద గడ్డి, గడ్డిలో గొర్రెలు. పెద్దాయన టోపీ తీసి నాకు నమస్కారం పెట్టాడు, అమ్మాయి నేర్పిందట. తర్వాత ఏదో అడిగాడు.

"ఈ ఏడు మీరెన్ని ఎకరాలు వేశారని అడుగుతున్నాడమ్మా."

నాలుగు తగ్గించామని, అందులో శనగ చల్లామని, రెండో బ్యారన్‌కు తాళం వేశామని చెప్పమన్నాను. ఆయన విని తలూపి, శనగకు ధర ఎలా ఉందని అడిగాడు.