గుల్లగా విరిగేది

ఆదివారం, బసవనగుడి, బెంగళూరు

అమ్మ బందరు నుంచి వచ్చి నాలుగు రోజులైంది. మధ్యాహ్నం కునుకు తీసి లేచాక టీతోపాటు నోట్లో వేసుకోవడానికి ఆమెకు ఏదో ఒకటి ఉండాలి. ఊళ్లో అయితే డబ్బా నిండా చెక్కలో చేగోడీలో ఉంటాయి గాని, ఇక్కడ నా వంటింట్లో మేరీ బిస్కెట్లు, పార్లే-జీ తప్ప మరేమీ లేవు. మేరీ నాకు ఇష్టమే. 1874లో రష్యా రాకుమారి మారియా పెళ్లి సందర్భంగా లండన్‌లో పీక్ ఫ్రీన్స్ కంపెనీ చేసిన ఆ బిస్కెట్టు మన ఇళ్లలో జ్వరం తగ్గినవాళ్లకు పెట్టే పథ్యమైంది. పార్లే-జీని మాత్రం నేను టీలో ముంచకుండా తినలేను. అమ్మ రెండూ తిని, "బాగానే ఉన్నాయి గాని, తిన్నట్టు లేదే" అంది.

అందుకని సాయంత్రం ఆమెను విశ్వేశ్వరపురం తీసుకువెళ్లాను. అక్కడి వి.బి. బేకరీ 1953 నుంచి ఉంది. హాసన్ వైపు నుంచి వచ్చిన అయ్యంగార్లు ఈ ఊళ్లో గుడ్డు తగలని బేకరీలు పెట్టి, కారం, కరివేపాకు కలిపిన బిస్కెట్లను అలవాటు చేశారు. ఖారా బిస్కెట్లు, బెణ్ణె (వెన్న) బిస్కెట్లు, కొద్దిగా నిప్పట్టు, ఒక పొట్లం కాంగ్రెస్ కొన్నాము. కాంగ్రెస్ అంటే మిరియాల పొడి, ఇంగువ పట్టించిన వేరుశనగ బద్దలు. 1969లో పార్టీ రెండుగా చీలినప్పుడు ఈ రెండుగా చీలిన పప్పుకు ఆ పేరు వచ్చిందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు.

ఇంటికి వచ్చాక అమ్మ ఖారా బిస్కెట్టును వెంటనే కొరకలేదు. రెండుగా విరిచి, విరిగిన అంచును దీపం వెలుగులో చూసింది. పొరలు పొరలుగా, ఇసుక రాలినట్టు పొడి రాలుతోంది. ఒక మూల పచ్చిమిరప ముక్క, దాని పక్కన నల్లగా మాడిన కరివేపాకు కొస. "వెన్న దండిగానే పోశారు" అంది. చెక్కల పిండి కలిపేటప్పుడు ఆమె కాచిన వెన్న పోసి, నీళ్లు చిలకరించకముందే పిండి అంతటికీ పట్టేలా చేతులతో రుద్దడం నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మైదాకైతే ఆ కొవ్వు ముందుగా పడితే జిగురు సాగదు, అందువల్లే బిస్కెట్టు గట్టిపడకుండా గుల్లవిరుస్తుంది. కరకరలాడడం వేరు, గుల్లగా ఉండడం వేరు. మొదటిది పంటికి పని పెడుతుంది, రెండోది నాలుక మీదే విడిపోతుంది. కొనుక్కుని తినే చిరుతిళ్లలో నేను వెతికేది ఈ గుల్లదనమేనని ఇవాళ స్పష్టంగా తెలిసింది. నిప్పట్టు మన చెక్కకు చుట్టమే గాని, ఇవాళ్టిది మందంగా ఉంది; రెండోది తీసుకోవాలనిపించలేదు. బెణ్ణె బిస్కెట్టు నోట్లో కరిగిపోయింది, కాని దానికి కారం లేదు, కారం లేనిదే నా టీ సాగదు.

మైసూరు పాకుకూ ఇదే కొలత. మరుగుతున్న నెయ్యిని గరిటెలతో పోస్తూ కలిపితే శనగపిండి పొంగి, ముక్క నిండా చిన్నచిన్న గూళ్లు ఏర్పడతాయి. కిందటి దీపావళికి ఒక దుకాణంలో నేతిదని చెప్పి ఇచ్చిన కిలో పాకు అంగిలికి మైనంలా అతుక్కుంది, చుట్టాలకు పంచిపెట్టాక ఆ సంగతి తెలిసి చాలా బాధపడ్డాను. అప్పటి నుంచి అంచు విరిచి, గూళ్లు చూడకుండా కొనడం లేదు.

ఇంత చెప్పాక కూడా, అమ్మ సంచిలోంచి బందరు లడ్డు తీసినప్పుడు నా కొలత నిలవలేదు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ లడ్డు కోసం శనగపిండి పూసను కరకరలాడేలా వేయించి, ఆ కరకర అంతా పోయేదాకా దంచి, జల్లించి, బెల్లం పాకంలో వేసి మళ్లీ తొక్కుతారు. గుల్ల అనేదే ఉండదు. వేళ్ల మధ్య మెత్తని మట్టిలా నలిగి, నెయ్యి, యాలకులు, బెల్లం మూడూ ఒకేసారి తెలుస్తాయి. నేను రెండు తిన్నాను. అమ్మ మాత్రం లడ్డు వైపు చూడనే లేదు. ఖారా బిస్కెట్లే నాలుగు తిని, రేపు పొద్దున్నకు ఉంచమంది.

ఇంకా ఆరు మిగిలాయి. బయట వాన పడుతోంది, మెత్తబడితే ఆమె ముట్టుకోదు కాబట్టి స్టీలు డబ్బాలో పెట్టి మూత గట్టిగా బిగించాను.