జిప్సీ వెనక యాక్సిల్ కారుతుంటే: సీలు, బేరింగు ఇంట్లోనే మార్చుకోవడం

వెనక చక్రం లోపలివైపు టైరు మీద నల్లటి జిడ్డు కనిపించగానే చాలామంది ఆయిల్ సీలు (చక్రాన్ని తిప్పే షాఫ్టు చుట్టూ ఆయిల్‌ని ఆపే రబ్బరు పట్టీ) కొనుక్కొచ్చి వేసేస్తారు. నెల తిరక్కుండా మళ్ళీ అదే జిడ్డు. తప్పు చాలాసార్లు సీలుది కాదు. మూసుకుపోయిన బ్రీదరో (యాక్సిల్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం), ఊగుతున్న బేరింగో, గీత పడ్డ షాఫ్టో దాన్ని పాడుచేస్తుంది. ఆ మూడూ చూడకుండా సీలు మార్చడం డబ్బు దండగ. ఇక్కడ చెప్పేది మారుతి జిప్సీ లాంటి సెమీ ఫ్లోటింగ్ యాక్సిల్ (షాఫ్టే చక్రాన్ని తిప్పుతూ బండి బరువునూ మోసేది) గురించి, అందులోనూ బేరింగు, దాన్ని ఆపే రింగు షాఫ్టు మీద ప్రెస్సుతో బిగించి ఉండే రకం. మీ బండిలో అమరిక వేరుగా ఉంటే ఆ బండి మాన్యువల్ చూసుకోండి.

ముందు కారేది ఏ ద్రవమో తేల్చుకోవాలి. డ్రమ్ము విప్పి తడిని వేలితో తాకి చూడండి. గేర్ ఆయిల్ చిక్కగా, గంధకం కంపు కొడుతూ ఉంటుంది, నీళ్ళతో పోదు. బ్రేక్ ఆయిల్ పల్చన, నీళ్ళతో కడిగితే పోతుంది, పెయింటును తినేస్తుంది. రెండోదైతే కారుతున్నది వీల్ సిలిండర్ (బ్రేకు షూలను నెట్టేది), యాక్సిల్ జోలికి వెళ్ళక్కర్లేదు.

బేరింగు సంగతి శబ్దమే చెబుతుంది. యాక్సిలరేటర్ తొక్కినా వదిలినా మారకుండా, బండి వేగాన్ని బట్టి మాత్రమే పెరిగే గుయ్‌మనే మోత బేరింగుది. తొక్కినప్పుడొక రకంగా, వదిలినప్పుడొక రకంగా కూస్తే అనుమానం క్రౌన్ పినియన్ (యాక్సిల్ మధ్య డిఫరెన్షియల్‌లో ఉండే పళ్ళ చక్రాల జత) మీదికి పోవాలి. చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. టకటకమంటే బేరింగు అయిపోయినట్టే. లోపలికీ బయటికీ కాస్త కదలడం వేరు, దానికి కంగారుపడక్కర్లేదు. స్ప్రింగు పట్టీ మీద ఒక చెయ్యి ఆనించి చక్రం తిప్పితే, గరగర ఉంటే చేతికి తెలుస్తుంది.

ఇప్పుడు బ్రీదర్. హౌసింగ్ (యాక్సిల్ బయటి తొడుగు) పైన ఉండే ఆ చిన్న గొట్టం బురదతో మూసుకుపోతే, బండి నడిచి ఆయిల్ వేడెక్కినప్పుడు లోపలి గాలికి బయటికి దారి ఉండదు. ఆ ఒత్తిడి ఆయిల్‌ని సీళ్ళ గుండా నెడుతుంది. వేడి మీదున్న యాక్సిల్‌ని వాగులో దించితే దీనికి ఉల్టా జరుగుతుంది: గాలి ఒక్కసారి చల్లబడి, లోపల ఖాళీ ఏర్పడి, సీలు గుండా నీళ్ళు పీల్చుకుంటుంది. ఆయిల్ పాలలా తెల్లబడితే జరిగింది అదే. పొలం గట్ల మీద, చెరువు కట్టల మీద తిరిగే బండికి బ్రీదర్ గొట్టం పొడిగించి బాడీ దాకా ఎత్తుగా కట్టడం మంచిది.

పనిలోకి దిగితే, ముందు చక్రాలకు రెండువైపులా దిమ్మలు పెట్టండి. హ్యాండ్ బ్రేకు వెనక డ్రమ్ముల మీద పనిచేసే బండికి వెనక లేపాక అది ఉన్నా లేనట్టే. హౌసింగ్ కింద స్టాండ్లు పెట్టాలి, జాకీని నమ్మి బండి కింద దూరకండి. ఆయిల్ దించే ముందు పై నింపే బోల్టు విప్పి చూడండి. కిందది తీసి ఆయిలంతా పోయాక పైది తుప్పుపట్టి రాకపోతే బండి అక్కడే కదలకుండా పడుంటుంది. కింది బోల్టుకున్న అయస్కాంతం మీద మెత్తటి బూడిదరంగు ముద్ద ఉండటం మామూలే. గోరంత ముక్కలు కనిపిస్తే మాత్రం సీలు పని ఆపి డిఫరెన్షియల్ విప్పించాల్సిందే.

డ్రమ్ము అతుక్కుపోతే దానికున్న రెండు మరల బెజ్జాల్లో బోల్టులు సమంగా బిగిస్తే అదే లేస్తుంది. బ్రేకు పైపు ఊడదీయడానికి ఫ్లేర్ నట్ స్పానరే వాడండి, మామూలు ఓపెన్ స్పానర్‌తో నట్టు మూలలు అరిగిపోతాయి. ఊడిన పైపుకు రబ్బరు మూత తొడగండి. హ్యాండ్ బ్రేకు కేబుల్ తప్పించాక, బ్యాక్ ప్లేటు (బ్రేకు షూలు బిగించి ఉండే రేకు) వెనక నాలుగు నట్లు తీసి షాఫ్టును బ్యాక్ ప్లేటుతో సహా బయటికి లాగాలి. స్లైడ్ హ్యామర్ (జారే బరువుతో కుదిపి లాగే పనిముట్టు) లేకపోతే డ్రమ్మును తిరగేసి స్టడ్లకు తగిలించి, నట్లు వదులుగా నాలుగు చుట్లు వేసి, దాంతోనే బయటికి గట్టిగా కుదిపితే వచ్చేస్తుంది.

అసలు జాగ్రత్త ఉండాల్సింది రింగు దగ్గర. ఈ యాక్సిల్‌లో షాఫ్టు చక్రంతో సహా బయటికి జారకుండా ఆపేది ఆ రింగు బిగువు ఒక్కటే. అందుకే పాతది మళ్ళీ వాడకూడదు. గ్రైండర్‌తో దాన్ని ఒకచోట సన్నబడేదాకా కోసి, ఉలితో కొడితే పగులుతుంది. గ్రైండర్ షాఫ్టుకు తగలకూడదు. గాటు పడిందంటే సీలు అక్కడినుంచే కారొచ్చు, షాఫ్టు అక్కడే విరగనూ వచ్చు. బేరింగు తీయడం, ఎక్కించడం ఇంట్లో సుత్తితో చేసే పని కాదు. లేత్ షాపులో హైడ్రాలిక్ ప్రెస్ ఉంటుంది, అక్కడికి పట్టుకెళ్ళండి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఇలాంటి షాపులకు కొదవ లేదు. అయినా ఈ మూడు మాటలు చెప్పి, పక్కనే నిలబడి చేయించుకోండి. బ్యాక్ ప్లేటు షాఫ్టు మీదికి ముందే ఎక్కాలి, మరిచిపోతే కొత్త రింగు కోసి పారేయాల్సిందే. ప్రెస్ బలం బేరింగు లోపలి రేసు (షాఫ్టును పట్టుకునే వలయం) మీదే పడాలి. బయటి రేసు మీద నొక్కితే గుండ్ల దారిలో గుంటలు పడి, కొత్త బేరింగు మొదటి రోజే మోత పెడుతుంది. బేరింగు, రింగు ఒకేసారి కలిపి నొక్కకూడదు, బేరింగు పూర్తిగా ఆనాకే రింగు. కొత్త రింగు తేలిగ్గా దిగిపోయిందంటే ఆ షాఫ్టు పనికిరాదు. వెల్డింగు చుక్క పెడదామని ఎవరన్నా అంటే వినకండి, ఆ వేడికి బేరింగూ పోతుంది, షాఫ్టు గట్టిదనమూ పోతుంది.

బేరింగు కొనేటప్పుడు పాతదాని మీది నంబరు చివరి అక్షరాలతో సహా చూపించండి. ఒకవైపే మూత ఉన్న రకమైతే, మూత ఎటు ఉందో తీయకముందే ఫోటో తీసుకోండి.

సీలు పెదవి కొన్ని యాక్సిళ్ళలో షాఫ్టు మీద, కొన్నిట్లో రింగు మీదే తిరుగుతుంది. మెరిసే చార ఎక్కడుందో చూసి గోరుతో గీకండి. గోరు తట్టుకునేంత గాడి ఉంటే ఎంత మంచి సీలైనా ఆగదు. హౌసింగ్‌లో చోటుంటే సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు అటో ఇటో జరిపి కూర్చోబెట్టొచ్చు, లేదంటే పల్చటి రిపేరు స్లీవ్ వేయించాలి. కొత్త సీలుకు స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపుకే ఉండాలి. పెదవికి గ్రీజు రాసి, సీలు అంచు వెడల్పుకు సరిపోయే సాకెట్‌తో వంకరపోకుండా సమంగా కొట్టండి. షాఫ్టు దూర్చేటప్పుడు బరువు సీలు మీద వేయకుండా చేత్తో ఎత్తి పట్టుకోండి. షాఫ్టు చివరి స్ప్లైన్ పళ్ళు పెదవిని గీరితే అది కంటికి కనిపించదు, కారాకే తెలుస్తుంది. హౌసింగ్ అంచు, బ్యాక్ ప్లేటు కలిసేచోట పల్చగా సీలెంటు రాయండి.

గేర్ ఆయిల్ పీల్చుకున్న బ్రేకు షూలను పెట్రోలుతో కడిగి, కాల్చి వాడేవాళ్ళున్నారు. పైకి ఆరినట్టు కనిపించినా వేడెక్కగానే లోపలి ఆయిల్ మళ్ళీ పైకి వస్తుంది, బండి ఒకవైపు లాగుతుంది. షూలు రెండు చక్రాలకూ కలిపే మార్చాలి. పైపు విప్పారు కాబట్టి బ్రేకులో గాలి తీయడం తప్పదు.

ప్రొపెల్లర్ షాఫ్టు యాక్సిల్‌కి కలిసేచోట ఉండే పినియన్ సీలు మాత్రం వేరే లెక్క. విప్పేముందు నట్టు, ఫ్లాంజి (ప్రొపెల్లర్ షాఫ్టు బిగించే పళ్ళెం), పినియన్ మూడింటి మీదా ఒకే వరసలో గుర్తు పెట్టి, నట్టు బయట ఎన్ని మరలు కనిపిస్తున్నాయో లెక్కపెట్టుకోండి. డ్రమ్ములు తీసి, ఫ్లాంజి తిప్పడానికి ఎంత బలం పడుతోందో స్ప్రింగు త్రాసుతో కొలిచి రాసుకోండి. లోపలి స్పేసర్ (పినియన్ బేరింగుల మధ్య ఉండే గొట్టం) నలిగే రకమైతే, నట్టు ఆ గుర్తు దాటి ఎక్కువ బిగిస్తే అది ఇంకా నలిగిపోతుంది, వెనక్కి వదులు చేసినా బిగువు సరికాదు, కొత్త స్పేసర్ వేయాల్సిందే. ఇంపాక్ట్ గన్ ఈ నట్టు దగ్గరికి రానివ్వకండి. త్రాసు కొలత ముందున్నంతకు, లేదా పిసరంత ఎక్కువకు రాగానే ఆపాలి.

చివరికి జీఎల్-5 రకం 80డబ్ల్యూ-90 ఆయిల్, పై బెజ్జం అంచు నుంచి కారేదాకా పోయండి, జిప్సీ వెనక దానికి లీటరున్నర దరిదాపుల్లో పడుతుంది. అంతకు మించి పోస్తే ఆ ఎక్కువైంది మళ్ళీ సీళ్ళ మీదే పడుతుంది. పది కిలోమీటర్లు తిప్పి ఆపాక రెండు డ్రమ్ముల వేడీ చేత్తో జాగ్రత్తగా పోల్చి చూడండి. ఒకటి బాగా ఎక్కువ కాలుతుంటే ముందు షూలు రాసుకుంటున్నాయేమో చూసి, ఆ తర్వాతే బేరింగును అనుమానించండి.